మూడు వందల నలభై కిలోల పానకాలరావు

వీరన్నపేట ప్రమాణ పరిరక్షణ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు పానకాలరావు యాభై నాలుగేళ్ల జీవితంలో ఎత్తిన అతి పెద్ద బరువు హాజరు పట్టీ. ఈ మాట గిట్టనివాళ్లు పుట్టించింది కాదు, స్వయంగా ఆయనే అన్నది. నలుగురూ తన వెనకాల నవ్వుకునే లోపు తానే ముందు నవ్వేసి కూర్చోవడం ఆయనకు ఉద్యోగంలో చేరిన కొత్తలోనే అలవాటైంది. దానివల్ల గౌరవం పెరగలేదు గానీ, నవ్వేవాళ్లకు పని తగ్గింది.

కొట్ల వాళ్ల కాటాలు, మిల్లుల తూకాలు, బట్టల దుకాణాల గజం బద్దలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి ముద్ర వేయడం ఆ కార్యాలయం పని. అందులో తూకాల సెక్షను, కొలతల సెక్షను అని రెండు ఉన్నాయి. రెంటికీ మధ్య ఒక గోడా, ముప్పై ఏళ్ల వైరమూ ఉన్నాయి. తూకాల వాళ్లు పొడవు గురించి మాట్లాడకూడదు, కొలతల వాళ్లు బరువు జోలికి రాకూడదు. పానకాలరావు తూకాల మనిషి. పందొమ్మిదేళ్లుగా ఒకే కుర్చీలో సీనియర్ అసిస్టెంటుగా ఉన్నాడు. ఆర్నెల్ల కిందట సూపరింటెండెంటు రిటైరయ్యాడు గనక, వరసలో ఆ కుర్చీ ఇక తనదే. బావమరిది ఫోన్ చేసినప్పుడల్లా "ఇంకా అదే సీటా బావా?" అని అడగడం మానేస్తాడన్న ఆశ ఆయనకు మొదటిసారి కలిగింది.

సరిగ్గా అప్పుడే సర్క్యులర్ వచ్చింది. రాష్ట్ర సంచాలకులు ఏదో సదస్సుకు వెళ్లి, అక్కడ ఎవరో పెద్దాయన బల్ల మీద పడుకుని బరువులు పైకి నెట్టడం చూసి, పరవశించి తిరిగొచ్చారట. జిల్లా అధికారి కోదండపాణి గారు సిబ్బందినంతా నిలబెట్టి దాన్ని చదివి వినిపించారు.

"బరువులను తూచు శాఖయందు బరువులను ఎత్తజాలని సిబ్బంది ఉండుట శాఖ ప్రతిష్ఠకు భంగకరము. కావున యావన్మంది సిబ్బందీ బల్లపై వెల్లకిలా శయనించి, తమ దేహభారములో సగమునకు తగ్గని భారమును ఛాతీ మీదుగా పైకి నెట్టవలెను. నెట్టజాలని వారి పదోన్నతులు నిలుపుదల చేయబడును. మూడు మాసముల పిదప ప్రతి జిల్లాయందు శక్తి పట్టికలో అట్టడుగున నిలిచిన ఒక్కరిని బలహీన అంగముగా గుర్తించవలెను. సదరు వ్యక్తి కాంట్రాక్టు ఉద్యోగి అయినచో తొలగింపబడును. రెగ్యులర్ ఉద్యోగి అయినచో బలము పుంజుకొనువరకు మోత పనియందు నియమింపబడును."

పానకాలరావు బరువు ఎనభై ఆరు కిలోలు. సగం అంటే నలభై మూడు. ఆ సాయంత్రం ఇంట్లో ఈ సంగతి చెబితే ఆయన భార్య సుభాషిణి వంటింట్లోంచి బయటకొచ్చి మరీ చూసింది.

"గ్యాసు బండ మార్చమంటే పక్కింటి వెంకటప్పయ్య గారిని పిలుచుకొస్తారు. మీరా? ఎత్తేదా?"

"పడుకుని ఎత్తడమే లేవే. పడుకోవడం నాకొచ్చుగా, సగం పని అయినట్టే."

రికార్డు గదిలోని పాత ఫైళ్లను వరండాలో పోసి, ఆ గదిలో ఒక బల్ల, ఇనుప స్టాండు, ఇరవై కిలోల రాడ్డు పెట్టారు. నేర్పడానికి ఊళ్లో వ్యాయామశాల నడిపే ఖాజావలీని పిలిపించారు. ఖాజా ముప్పై ఏళ్ల మనిషి, మాట మెత్తన. మొదటి రోజు పానకాలరావును పడుకోబెట్టి, ప్లేట్లేమీ వెయ్యకుండా వట్టి రాడ్డు చేతికిచ్చాడు. అది ఛాతీ దాకా హాయిగా దిగింది. దిగింది దిగినట్టే అక్కడ కాపురం పెట్టింది. ఖాజా, అటెండరు కలిసి చెరో పక్కా పట్టుకుని తీశారు.

"ఆఫీసులో ఫైలు కూడా నా దగ్గర ఇట్టాగే ఆగుతుందయ్యా," అన్నాడు పానకాలరావు రొప్పుతూ. "వచ్చేటప్పుడు బానే వస్తుంది."

ఖాజా కాసేపు ఆలోచించి, వరండాలోకి వెళ్లి రెండేసి అంగుళాల మందమున్న పాత ముద్రల రిజిస్టర్లు నాలుగు తెచ్చి, ఒకదాని మీద ఒకటి ఆయన ఛాతీ మీద పేర్చాడు.

"ఇప్పుడు రాడ్డు మీ ఛాతీ దాకా దిగదు సార్. ఈ పుస్తకాల మీద ఆగిద్ది. అక్కణ్ణుంచి పైకి నెట్టండి. సగం దూరమే. పైసగం బలపడాలంటే ఇట్టాగే చేస్తారు. తర్వాత వారానికో పుస్తకం తీసేద్దాం."

పానకాలరావు నెట్టాడు. రాడ్డు లేచింది! యాభై నాలుగేళ్లలో ఆయన చెప్పినట్టు విన్న మొదటి వస్తువు అదేనేమో, కళ్లలో నీళ్లు తిరిగాయి. పది రోజుల్లో నాలుగు రిజిస్టర్ల మీంచి నలభై ఐదు కిలోలు ఎత్తాడు. కోదండపాణి గారు వచ్చి పరీక్షించి, శక్తి పట్టికలో నమోదు చేశారు. ఆ పట్టికలో పేరు, హోదా, దేహభారం, ఎత్తిన భారం అని నాలుగు గళ్లున్నాయి. దూరానికి గడి లేదు. అది తూకాల సెక్షను తయారు చేసిన పట్టిక మరి, దూరం వాళ్ల పరిధిలోకి రాదు.

అదే రోజు హమాలీ ఏసోబు వంతు కూడా వచ్చింది. ఏసోబు ఇరవై రెండేళ్లుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాడు. తనిఖీకి వెళ్లినప్పుడల్లా ఇరవై కిలోల ప్రమాణ తూకం రాళ్లను జీపులోంచి దించి, మిల్లుల కాటాల మీదికి మోసేది అతనే. అతను బల్ల మీద పడుకుని, రిజిస్టర్లు వద్దని పక్కన పెట్టించి, అరవై కిలోలు గుండెల దాకా దించి, చేతులు బారుగా సాగేదాకా ఎత్తి, "ఇంకోపాలి ఎత్తమంటారా సార్?" అన్నాడు. కోదండపాణి గారు గడిలో అరవై అని రాశారు. ఆ రోజుకి జిల్లాలో మొదటి స్థానం ఏసోబుదే.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు. పదిహేను రోజులకు రెండో సర్క్యులర్ దిగింది. పదోన్నతికి సీనియారిటీ చాలదు, శక్తి పట్టికలో మొదటి స్థానం ఎవరిదైతే వారికే ఖాళీ కుర్చీ అని. మర్నాడే పక్క సీటు మస్తాన్‌రావు ఆరు రిజిస్టర్లు పెట్టించుకుని డెబ్భై కిలోలు ఎత్తాడు. పానకాలరావు ఏడు రిజిస్టర్లు పెట్టించుకుని తొంభై ఎత్తాడు. ఎత్తిన దూరం జానెడు కూడా లేదు. అప్పుడు ఆయనకు ఒక మహత్తర సత్యం బోధపడింది. దూరం తగ్గేకొద్దీ బరువు పెరుగుతుంది. ఇంత సులువైన సంగతి తనకు తట్టడానికి పందొమ్మిదేళ్లు పట్టిందే అని తనను తానే తిట్టుకున్నాడు.

ఖాజా మొత్తుకున్నాడు. "సార్, ఇది సగం వ్యాయామం. పైసగం గట్టిపడ్డాక కిందికి దిగాలి. మీరేంది సార్, రోజురోజుకీ ఇంకా పైకెక్కుతున్నారు?"

"పైకెక్కడానికే గదయ్యా ఈ తిప్పలన్నీ," అన్నాడు పానకాలరావు.

ఛాతీ మీద ఎనిమిదో రిజిస్టరు నిలవలేదు. అప్పుడు ఇనుప స్టాండుకు ఉన్న రంధ్రాలు పనికొచ్చాయి. ఏ రంధ్రంలో అడ్డకమ్మీలు దూర్చితే రాడ్డు ఆ ఎత్తున వాటిమీద కూర్చుంటుంది. చేతులు దాదాపు బారుగా సాగిన ఎత్తులో కూర్చోబెడితే, ఇక మిగిలేది ఒక అంగుళం. ఆ అంగుళం మీద పానకాలరావు నూట యాభై లేపాడు. మస్తాన్‌రావు అర అంగుళం మీద నూట ఎనభై లేపాడు. ఆఫీసంతా దీన్లోనే మునిగింది. కాటాల ముద్రల గడువు దాటిపోయి కొట్ల వాళ్లు వరండాలో, పాత ఫైళ్ల పక్కన పడిగాపులు కాస్తున్నారు.

అసలు ఎంత లేపితే ఎత్తినట్టు? ఈ ప్రశ్న మీద తూకాల సెక్షను ఒక ఫైలు తెరిచింది. దూరం కనక అది గోడ దాటి కొలతల సెక్షను అధిపతి హైమవతి గారి దగ్గరికి వెళ్లింది. హైమవతి గారు మెడలో ఉక్కు టేపు వేసుకుని తిరిగే మనిషి. పన్నెండు రోజులు పరిశీలించి ఇలా రాశారు:

"ఈ సెక్షను వద్దగల టేపుపై మిల్లీమీటరుకు తక్కువ కొలత లేదు. కావున ఒక మిల్లీమీటరు కదలిక ఎత్తుటయే అగును. అంతకు తక్కువ కదలికను కొలుచుట సాధ్యము కాదు గనుక, అట్టి సందర్భములో కదలిక లేదని చెప్పుటయూ సాధ్యము కాదు. కదలలేదని రుజువు చేయవలసిన బాధ్యత తనిఖీ అధికారిపై ఉండును."

కోదండపాణి గారు రెండుసార్లు చదివి, మూడోసారి నిలబడి చదివారు. "ఇది చారిత్రక వివరణ. ఇకపై ఈ జిల్లా శక్తికి పరిమితి లేదు."

నిజంగానే లేకపోయింది. నెల తిరిగేసరికి ఏసోబు తప్ప అందరూ రెండు వందలు దాటారు. టైపిస్టు సరళ గారు రెండు వందల పది. డ్రైవరు రెండు వందల అరవై. మస్తాన్‌రావు మూడు వందలు. పానకాలరావు పదహారు ప్రమాణ తూకం రాళ్లు వేలాడదీయించుకుని, రాడ్డుతో కలిపి మూడు వందల నలభై కిలోల కింద పడుకుని, చేతులు ఆనించి, ముఖం ఎర్రగా చేసుకుని, "హమ్మా" అన్నాడు. రాడ్డు కదిలిందని ఎవరూ చూడలేదు. కదలలేదని ఎవరూ రుజువు చెయ్యలేదు. మూడు వందల నలభై నమోదైంది. రాత్రి భోజనాల దగ్గర సుభాషిణి ఆయన చేతుల వంక చూసి, "అంత ఎత్తి కూడా చిక్కలేదే!" అని మాత్రం అంది.

ఇరవై మూడు మంది పట్టికలో పైన పానకాలరావు. అడుగున, రాళ్ల మోతలో పడి మళ్లీ ఆ బల్ల ఎక్కని ఏసోబు, అరవై కిలోలు.

బలహీన అంగం ఉత్తర్వు ముసాయిదా రాసే పని సీనియర్ అసిస్టెంటుదే గనక, ఆ ఫైలు పానకాలరావు బల్ల మీదికి వచ్చింది. రాశాడు. చేతి రాత బాగుంటుందని ఆయనకు పేరు. గడువు ముగిసే రోజున సంచాలకులు సిబ్బంది బలప్రదర్శన చూడ్డానికి వస్తున్నారు గనక, ఆ రోజునే అమల్లోకి వస్తుందని కింద తేదీ కూడా వేశాడు. ఆ మధ్యాహ్నం ఏసోబు వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు.

"బలహీనం అని నా పేరేనంట గదా సార్?"

పానకాలరావు కాగితాలు సర్దసాగాడు.

"ఇంటికాడ చెబితే మా ఆడమడిసి నమ్మలా. నిన్ననేగా మిల్లు కాడ ముప్పై రాళ్లు దించావు, ఏందయ్యా నీ యవ్వారం అంది." ఏసోబు గొంతులో కోపం లేదు, అర్థంకాని మనిషి గొంతు అది. "నాకింకో పని రాదు సార్. రాళ్లు మొయ్యటమే వచ్చు. రేపట్నించి వాటినెవురు మోస్తారు?"

"అందరం బలవంతులమేగా ఏసోబూ, ఎవరో ఒకరు..." అనబోయి పానకాలరావు మాట మింగేశాడు. జీవితమంతా తన మీద తాను వేసుకున్న జోకులు ఎవరికీ తగల్లేదు. ఈ దొంగ ఎత్తుడు జోకు మాత్రం పక్కవాడి కడుపు మీద కొట్టిందని ఆ క్షణంలో తెలిసింది. సిగ్గేసింది. ఆ సిగ్గుతో రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేకపోయాడు.

మూడో రోజు, తను మూడు వందల నలభై కిలోలు ఎత్తలేదని, రాడ్డు అసలు కదలనే లేదని స్వదస్తూరితో రాసి కోదండపాణి గారికి ఇచ్చాడు. అది యథావిధిగా గోడ దాటింది. "కదలలేదన్న అర్జీదారు వాదనకు కొలత ఆధారము లేదు" అని హైమవతి గారు తిప్పి పంపారు.

"చూడండి పానకాలరావు గారూ," అన్నారు కోదండపాణి గారు అనునయంగా. "మీ బలాన్ని మీరే శంకించడం శాఖాపరమైన క్రమశిక్షణకు విరుద్ధం. ఎల్లుండి సంచాలకుల వారి సమక్షంలో ఎత్తండి. ఆ రోజు ఎత్తిందే అంతిమం, పాత అంకె రద్దు. వెనువెంటనే పదోన్నతి ఉత్తర్వు మీ హస్తగతం అవుతుంది."

"ఆ రోజు ఏమీ ఎత్తకపోతేనో సార్?"

"ఎత్తకపోతే గైర్హాజరుగా పరిగణించి, పట్టికలోంచి మీ పేరు తొలగిస్తాం. అంతకు మించి మీకు నష్టమేమీ లేదు."

పానకాలరావు లెక్క వేసుకున్నాడు. తన పేరు లేకపోయినా అడుగున ఏసోబే ఉంటాడు. ఏసోబును తప్పించాలంటే పట్టికలో అతని కింద ఇంకో పేరు ఉండాలి. ఉండాలంటే అరవై లోపు ఏదో ఒకటి ఎత్తాలి, అదీ ఎవరూ కాదనలేనట్టు నిజంగా ఎత్తాలి. తనకు నిజంగా ఎత్తడం వచ్చా? ఖాజా దగ్గరికి వెళ్లి గుట్టుగా ప్రయత్నించాడు. వట్టి రాడ్డు మొదటి రోజులాగే ఛాతీ మీద కాపురం పెట్టింది. జిల్లాలో మొదటి స్థానం నిద్రలో వచ్చిన ఆ మనిషికి ఆఖరి స్థానం కోసం చెమటలు పట్టాయి.

సంచాలకులు వచ్చారు. మేడమీద హాల్లో షామియానా గుడ్డ కట్టి, బల్లా స్టాండూ మధ్యలో పెట్టారు. రాళ్లు మాత్రం కింద జీపులో ఉన్నాయి. ఏసోబు వాటిని చేతికొకటి చొప్పున పట్టుకుని మెట్లెక్కి తెస్తున్నాడు. ఆ రోజే అతని ఆఖరి రోజు, అయినా పనిలో తేడా లేదు. రెండు, నాలుగు, ఆరు. ఎనిమిది సార్లు ఎక్కి దిగాడు. పానకాలరావు బల్ల పక్కన నిలబడి చూశాడు. తను ఎత్తాల్సిన మూడు వందల ఇరవై కిలోల రాళ్లనూ తన కళ్లముందే మేడమీదికి ఎత్తేసింది జిల్లాలోకెల్లా బలహీనుడు. హాల్లో అందరూ అది చూస్తూనే ఉన్నారు, ఎవరికీ ఏమీ అనిపించలేదు.

"ఈ జిల్లా సిబ్బంది ఉమ్మడి శక్తి ఐదు టన్నులను అధిగమించినది," అని కోదండపాణి గారు మైకులో ప్రకటించారు. "అందలి శిరోభూషణము, కాబోవు సూపరింటెండెంటు, శ్రీ పానకాలరావు గారు!"

చప్పట్ల మధ్య పానకాలరావు పడుకున్నాడు. "ఖాజా, ఆ రాళ్లన్నీ తీసెయ్యి."

"సార్?"

"తీసెయ్యి. అడ్డకమ్మీలు అడుగు రంధ్రంలోకి దించు. వట్టి రాడ్డు ఇయ్యి."

హాల్లో గుసగుసలు లేచాయి. కోదండపాణి గారు నవ్వు చెదరకుండానే పళ్ల మధ్య నుంచి "ఏమిటిది?" అన్నారు. పానకాలరావు రాడ్డు అందుకుని కిందికి దించాడు. అది ఛాతీకి ఆనింది. నెట్టాడు. రాడ్డు రెండంగుళాలు లేచి ఆగింది. మోచేతులు వణికాయి. మెడ నరాలు తాళ్లలా లేచాయి. ఎదురుగా మొదటి వరసలో కూర్చున్న సంచాలకులు ఇరవై కిలోల కింద గిలగిల్లాడుతున్న శిరోభూషణాన్ని నోరు తెరిచి చూస్తున్నారు. ఇంకో అంగుళం లేచింది. అక్కడ మళ్లీ ఆగింది. వదిలేస్తే పేరు పోతుంది, పోతే ఏసోబు పోతాడు.

ఖాజా చెవి దగ్గర వంగి అరిచాడు. "ఇంకొంచెం సార్! సగం దాటించండి చాలు. పైసగం మీకు వచ్చు. మూడు నెల్ల నుంచీ మీరు చేసింది అదే!"

పానకాలరావు కళ్లు మూసుకుని, యాభై నాలుగేళ్లలో ఎవరి మీదా చూపించని కోపమంతా ఆ రాడ్డు మీద చూపించాడు. అది సగం దాటింది. దాటాక ఇక దాన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. పైసగం దానంతటదే పోయినట్టు పోయి చేతులు బారుగా సాగి నిలిచాయి. హైమవతి గారు తెలియకుండానే మెడలోంచి టేపు తీసి పట్టి, "నాలుగు వందల ముప్పై మిల్లీమీటర్లు!" అని పైకే అనేశారు. ఆ ఏడాది ఆ టేపు కొలిచిన మొదటి దూరం అది. రాయడానికి గడి లేదు గనక ఎవరూ రాసుకోలేదు.

"ఎత్తిన భారం ఇరవై కిలోలు. రాసుకోండి సార్," అన్నాడు పానకాలరావు పడుకునే.

కోదండపాణి గారికి రాయక తప్పలేదు. సంచాలకుల సమక్షంలో ఎత్తిందే అంతిమమని చెప్పింది వారే. పట్టిక అడుగున ఇరవై, దాని పైన ఏసోబు అరవై. సూపరింటెండెంటు ఉత్తర్వులో పానకాలరావు పేరు కొట్టేసి, మూడు వందల కిలోల మస్తాన్‌రావు పేరు అక్కడికక్కడే సిరాతో రాశారు. బలహీన అంగం ఉత్తర్వులో ఏసోబు పేరు కొట్టేసి పానకాలరావు పేరు రాశారు. ఆయన రెగ్యులర్ ఉద్యోగి గనక తొలగించలేదు, మోత పనిలో వేశారు. ఇంటికి వెళ్లి సుభాషిణికి చెప్పాడు. ఆమె, "ఏసోబు ఉన్నాడుగా?" అని అడిగింది. ఉన్నాడన్నాడు. "సరే, చేతులకు కాస్త నూనె రాస్తాను, ఇటు రండి," అంది.

వారం తిరిగాక నరసరావుపాలెం రైసు మిల్లులో తనిఖీ. జీపు ఆగగానే ఏసోబు చేతికొక రాయి పట్టుకుని చకచకా నడిచాడు. వెనకాల పానకాలరావు ఒక్క రాయిని రెండు చేతులా పొట్టకు ఆనించుకుని, పది అడుగులకోసారి ఆగుతూ వచ్చాడు. మిల్లు యజమాని అరుగు మీంచి వింతగా చూశాడు.

"ఎవురు ఏసోబూ ఈయన? కొత్తగా ఉన్నాడే?"

"మా సారండి. నా కాడ పనిలో చేరారు."

"అదేందయ్యా, ఒక్క రాయికే అంత అవస్థ పడతన్నాడు?"

ఏసోబు తన రాళ్లు కాటా మీద పెట్టి, నడుం నిలబెట్టి వెనక్కి చూశాడు. "ఆయన ఎత్తేది ఇరవై కిలోలేనండి. ఎత్తితే మాత్రం మొత్తం ఎత్తుతారు."

పానకాలరావు రాయిని ఇంకాస్త పొట్టకు అదుముకుని నడిచాడు. చేతుల్లో బరువుండగా మాట్లాడటం ఆయనకింకా రాదు.